ఇంటర్ అమ్మాయిని బెదిరిస్తున్న 'బాయ్‌ఫ్రెండ్': ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి?

బోటనీ_లెక్చరర్ (ఖమ్మం జిల్లా)

బైపీసీ సెకండియర్ అమ్మాయి. 17 ఏళ్లు, జూన్‌లో 18 నిండుతాయి. ప్రైవేటు హాస్టల్లో ఉంటుంది, ఫోన్ తన దగ్గరే. అతనికి 21, బీటెక్. పరిచయమై ఏడాది దాటింది.

ఇప్పటిదాకా తెలిసింది ఇది. ఇన్‌స్టా, జీమెయిల్ పాస్‌వర్డులు అతని దగ్గరున్నాయి. లైవ్ లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. క్లాసులోనే ఉన్నానని చూపించడానికి ఫోటో తీసి పంపాలి. ల్యాబ్‌లో ఏ అబ్బాయితోనైనా మాట్లాడిందని తెలిస్తే ఆ రాత్రి తెల్లవార్లూ ఫోన్లు. రెండుసార్లు చెంప మీద కొట్టాడు. నాలుగు రోజుల క్రితం గొంతు పట్టుకున్నాడు. మానేద్దామంటే ఒకరోజు చెయ్యి కోసుకున్న ఫోటో పంపుతాడు, ఇంకోరోజు ఆమె ప్రైవేట్ ఫోటోలు నాన్నకి పంపుతానంటాడు. "పొసెసివ్ మేడమ్, అంతే. నేనంటే ప్రాణం" అంటోంది.

ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారని భయం. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకోవాలని చూస్తోంది. ఇంకా మాట ఇవ్వలేదు. పోలీసులకు చెప్పాలా, ముందు తల్లిదండ్రులకా? ఫోటోల సంగతేంటి? ఏది ముందు, ఏది వెనక అన్నది తెలిసినవారు చెప్పండి.

---

కౌన్సెలర్_హనుమకొండ

మేడమ్, అన్నిటికంటే ముందు గొంతు సంగతి. చెంపదెబ్బను, దీన్నీ ఒకే గాటన కట్టకూడదు. గొంతు నొక్కినవాడు ఆ తర్వాత ప్రాణం తీసే దాకా వెళ్లే ప్రమాదం చాలా ఎక్కువని ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న విషయం. పైకి ఒక్క మచ్చ కూడా లేకుండా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. ఇవి అడగండి: గొంతు బొంగురు పోయిందా, మింగేటప్పుడు నొప్పి ఉందా, కళ్లలో గానీ రెప్పల మీద గానీ ఎర్రటి చుక్కలు వచ్చాయా, ఆ క్షణంలో కళ్లు చీకట్లు కమ్మాయా, స్పృహ తప్పిందా, తెలియకుండా మూత్రం పోయిందా, ఇప్పటికీ తలనొప్పి, మెడనొప్పి ఉన్నాయా. వీటిలో ఒక్కటున్నా ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెడలోని రక్తనాళం దెబ్బతింటే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు, కాబట్టి "నాలుగు రోజులైంది కదా" అని ఊరుకోవద్దు. డాక్టరుకి "మెడ నొప్పి" అని కాదు, "గొంతు నొక్కారు" అని అదే మాటతో చెప్పాలి. లేకపోతే మాత్ర రాసిచ్చి పంపేస్తారు.

రెండోది, ఒట్టు. వేయకండి. వేసి తప్పితే ఆ పిల్లకి మిగిలిన ఒక్క పెద్దమనిషి కూడా పోయినట్టే. ఇలా చెప్పండి: "నీ ప్రాణానికి ముప్పు అనిపిస్తే నేను చెప్పక తప్పదు. కానీ నీకు తెలియకుండా చెప్పను. ఎవరికి, ఎప్పుడు చెబుతున్నానో ముందు నీకే చెబుతా. నువ్వు పక్కన ఉండాలంటే ఉండు." పిల్లలు ఈ మాట అంగీకరిస్తారు. తమ వెనక జరిగిందే తట్టుకోలేరు.

"వాణ్ణి వదిలెయ్" అనే మాట మొదటిరోజు నోట్లోంచి రాకూడదు. అంటే ఆమె అతని తరఫు వకీలుగా మారిపోతుంది, మీరు ఏది అన్నా అతను చేసిన మంచి పనులు ఏకరువు పెడుతుంది. దాని బదులు ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి: "అతను అడిగినదానికి నువ్వు కుదరదు అంటే ఏమవుతుంది?" ప్రేమకూ పెత్తనానికీ తేడా ఆ జవాబులోనే ఉంటుంది. కోప్పడి కాసేపటికి సర్దుకునేవాడు వేరు. కుదరదు అన్నందుకు శిక్ష వేసేవాడు వేరు. ఆ జవాబు ఆమె నోటితోనే రానివ్వండి, మీరు అందించకండి.

"ప్రాణం" అన్నది అబద్ధమని కూడా వాదించొద్దు. కొట్టిన మర్నాడు ఏడుస్తాడు, కాళ్లు పట్టుకుంటాడు, గిఫ్ట్ తెస్తాడు. ఆ నాలుగు రోజులు నిజంగానే బాగుంటాయి, ఆమె పట్టుకుని వేలాడేది ఆ నాలుగు రోజుల్నే. దెబ్బ తర్వాత ప్రేమ ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే ఆ బంధాన్ని గట్టిపరుస్తుంది. ఆమె తెలివితక్కువది కాదు. మన పేపర్లు దశాబ్దాలుగా గొంతు కోసినవాణ్ణి "ప్రేమోన్మాది" అని రాస్తూ వచ్చాయి. ఆ పదంలో హింస పక్కకుపోయి ప్రేమ ముందుకొచ్చింది. పిల్లలు ఆ భాషే నేర్చుకున్నారు.

---

వార్డెన్_నల్గొండ

అబ్బాయి తల్లిదండ్రుల్ని, లేదా అతని కాలేజీ ప్రిన్సిపాల్‌ని పట్టుకుని గట్టిగా ఒక వార్నింగ్ ఇప్పిస్తే చాలామంది తగ్గుతారు. కేసులు పెడితే అమ్మాయి పరీక్షలు పోతాయి. ఇంకొకటి, హాస్టల్ విజిటర్స్ రిజిస్టర్ వెంటనే చూడండి. "అన్నయ్య", "బాబాయి కొడుకు" అని సంతకం పెట్టి వచ్చేవాళ్లు ఉంటారు. అడ్మిషన్ ఫారంలో ఫోటో ఉన్న ఇద్దరు ముగ్గురిని తప్ప ఎవరినీ లోపలికి రానివ్వొద్దని, ఎవరితోనూ అవుటింగ్‌కి పంపొద్దని వాచ్‌మన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాట షిఫ్ట్ మారితే మర్చిపోతారు.

---

అడ్వొకేట్_గుంటూరు

రిజిస్టర్ మాట నూటికి నూరు పాళ్లు సరైనది. వార్నింగ్ మాట మాత్రం ఈ కేసులో వద్దు. అమ్మాయి నోరు విప్పిందని అతనికి తెలిసే రోజే అన్నిటికంటే ప్రమాదకరమైన రోజు. వార్నింగ్ ఇచ్చి ఇంటికి పంపితే ఆ కోపం చల్లారేది ఆమె మీదే. ఆమెకు రక్షణ ఏర్పాటు అయ్యాకే అతనికి తెలియాలి.

ఇక చట్టం. 18 నిండకపోతే, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) ప్రకారం ఆమె బాలికే. ఆమె ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. జూన్‌లో 18 నిండినా, అంతకుముందు జరిగింది పోక్సో కిందే ఉంటుంది. లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా సెక్షన్ 19 కింద పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల దాకా జైలు. ఆ బాలిక చెప్పలేదని ఆమె మీద మాత్రం కేసు ఉండదు. మంచి ఉద్దేశంతో చెప్పిన మీ మీదా ఉండదు. ప్రైవేట్ ఫోటోలు పెట్టుకుని బెదిరించడం కూడా ఈ చట్టంలోకే వస్తుంది, కాబట్టి "శారీరకంగా ఏమీ జరగలేదు" అని ఊరుకునే వీలు మీకు లేదు.

ఈ నిబంధన వల్ల పిల్లలు నోరు విప్పడానికి జంకుతారన్న విమర్శ ఉంది, అందులో న్యాయం ఉంది. ఇద్దరూ ఒకే ఈడువాళ్లై ఇష్టపడి తిరిగిన కేసుల్లో ఈ చట్టం కటువుగా పడుతోంది. కానీ ఇక్కడ గొంతు పట్టుకున్న 21 ఏళ్లవాడు ఉన్నాడు. ఇలాంటి పిల్ల కోసమే ఆ చట్టం.

స్టేషన్ అంటే భయపడుతుంది కాబట్టి ఇవి ముందే చెప్పండి. వాంగ్మూలం ఇంట్లోనో ఆమె కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. అతను ఆమెకు ఎదురుపడకుండా చూడాలి. పేరు, ఊరు, కాలేజీ పేపర్లో రాకూడదు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. కేసు నడిచినంతకాలం తోడుండడానికి ఆ సమితి ఒక సహాయకురాలిని ఇవ్వొచ్చు, అడిగి తీసుకోండి.

ఖమ్మం కాబట్టి నేరుగా స్టేషన్ గడప తొక్కడానికి ముందు షీ టీమ్‌ని (ఆడవాళ్ల మీద వేధింపులు చూసే తెలంగాణ పోలీసు బృందం) గానీ, భరోసా కేంద్రాన్ని గానీ కలవండి. షీ టీమ్స్ 2014 నుంచి మఫ్టీలోనే పనిచేస్తున్నాయి. భరోసాలో పోలీసు, కౌన్సెలర్, వైద్యం, న్యాయసహాయం ఒకేచోట దొరుకుతాయి కాబట్టి పిల్ల అదే కథ నలుగురికి నాలుగుసార్లు చెప్పుకోనక్కర్లేదు. ఆంధ్రలో అయితే పోలీసుల శక్తి యాప్, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దగ్గర్లోని వన్ స్టాప్ సెంటర్ (హింసకు గురైన ఆడవాళ్లకు అన్ని సాయాలూ ఒకేచోట ఇచ్చే ప్రభుత్వ కేంద్రం). పిల్లల విషయం ఏదైనా 1098. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. లాయరు ఖర్చు భయం వద్దు, ఆడపిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100.

ఫిర్యాదు తెలుగులోనే రాయండి. తేదీ, సమయం, చోటు, ఏం చేశాడు, ఏమన్నాడు, ఎవరు చూశారు. "మానసికంగా హింసించాడు" అన్న వాక్యంతో పని జరగదు. "12వ తేదీ సాయంత్రం 5 గంటలకు బస్టాండు వెనక కుడిచేత్తో గొంతు పట్టుకున్నాడు" అని ఉండాలి. ఘటన వేరే స్టేషన్ పరిధిలో జరిగినా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే, కేసుల విచారణ పద్ధతి చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173 అదే చెబుతోంది. కాపీ ఉచితంగా ఇవ్వాలి. రాయనంటే అదే కాగితం పోస్టులో ఎస్పీకి (కమిషనరేట్ అయితే కమిషనర్‌కి) పంపండి, రసీదు దాచుకోండి. "పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి, ఇద్దరి భవిష్యత్తు" అంటారు. పోక్సో కేసు పెద్దమనుషుల రాజీతో పోయేది కాదు. రాజీ కాగితం మీద అమ్మాయి చేత సంతకం పెట్టించనివ్వొద్దు.

---

సైబర్_ల్యాబ్ (హైదరాబాద్)

ఫోన్ గురించి.

మొదటి హెచ్చరిక మీకే మేడమ్. ఆ ఫోటోల్ని సాక్ష్యం కోసమని మీ ఫోన్‌కి పంపించుకోవద్దు, మీ ఫోన్‌తో ఫోటో తీయొద్దు. మైనర్ ప్రైవేట్ ఫోటో దగ్గర పెట్టుకోవడమే నేరమవుతుంది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ విషయం మరింత గట్టిగా చెప్పింది. అవి ఆమె ఫోన్లోనే ఉండాలి, పోలీసులే తీసుకోవాలి.

బెదిరింపు మెసేజ్‌లు వేరే సంగతి, అవి దాచాలి. స్క్రీన్‌షాట్‌లో "బుజ్జి", "నాని" అని సేవ్ చేసిన పేరు కాకుండా నంబరు కనబడాలి. కాంటాక్ట్ ఇన్ఫో తెరిచి నంబరుతో ఒకటి, తర్వాత చాట్ తేదీతో సహా పైనుంచి కిందికి వరుసగా. మధ్యలో ముక్క వదిలేస్తే "సందర్భం కత్తిరించారు" అని వాదిస్తారు. మాయమైపోయే మెసేజ్‌లైతే ఇంకో ఫోన్‌తో వీడియో తీయాలి. స్నాప్‌చాట్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలుస్తుంది, అక్కడా ఇంకో ఫోనే. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంది, మీడియా లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసి అతనికి తెలియని మెయిల్‌కి పంపండి, ఆమె జీమెయిల్‌లో పెడితే అతను చూస్తాడు. అసలు ఫోన్ మాత్రం మార్చొద్దు, రీసెట్ చేయొద్దు, అమ్మొద్దు. కోర్టులో స్క్రీన్‌షాట్‌కి సర్టిఫికెట్ కావాలి, దాని వెనక అసలు పరికరం ఉంటేనే బలం.

తల్లిదండ్రులు మొట్టమొదట చేసే పని ఫోన్ లాక్కుని విరగ్గొట్టడం. సాక్ష్యం పోతుంది. సాయం అడిగే దారీ పోతుంది. అది జరగకుండా చూడండి.

ఆమె అకౌంట్లలోంచి అతన్ని బయటికి పంపే పని అన్ని ఏర్పాట్లూ అయిన రోజు, ఒకే విడతలో చేయాలి. పాస్‌వర్డు మారగానే అతనికి తెలిసిపోతుంది, అందుకే ముందుగా ముక్కలు ముక్కలుగా చేయకూడదు. అతను చూడని వేరే ఫోన్ నుంచి మొదలుపెట్టండి. మొదట జీమెయిల్. మిగతావాటన్నిటి రీసెట్ లింకులూ అక్కడికే వస్తాయి కాబట్టి అది వదిలేసి ఇన్‌స్టా మారిస్తే పది నిమిషాల్లో మళ్లీ అతని చేతికే పోతుంది. జీమెయిల్‌లో రికవరీ నంబరు, రికవరీ మెయిల్ ఎవరివో చూడండి, అతనివే పెట్టి ఉండొచ్చు. యువర్ డివైసెస్‌లో తెలియని ఫోన్లన్నీ సైన్ అవుట్. రెండంచెల వెరిఫికేషన్. తర్వాత వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్. అతని ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ నెలల తరబడి నడుస్తూ ఉండడం చాలా మామూలు. తర్వాత ఇన్‌స్టా లాగిన్లు, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, స్నాప్ మ్యాప్‌లో ఘోస్ట్ మోడ్. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ యాప్స్ రెండూ తెరిచి తెలియని పేరేదైనా ఉందేమో చూడండి. గూఢచారి యాప్‌లు ఎక్కువగా అక్కడే కనబడతాయి. ఏదైనా కనబడితే తీసేయకుండా పోలీసులకు చూపించండి. *#21# కొడితే కాల్స్ ఎక్కడికైనా ఫార్వర్డ్ అవుతున్నాయో తెలుస్తుంది, ##002# కొడితే ఆగిపోతాయి.

సిమ్ ఎవరు కొనిచ్చారు? దీన్ని అందరూ మర్చిపోతారు. అతని ఆధార్ మీద ఉన్న సిమ్ అయితే డూప్లికేట్ తీసుకుని ఓటీపీలన్నీ అతనే చదువుకుంటాడు. పైవన్నీ వృథా. ఇంట్లోవాళ్ల పేరు మీద కొత్త సిమ్ తీసుకుని, అకౌంట్లన్నీ దానికి మార్చాకే మిగతాది. పాత సిమ్ పారేయొద్దు, అతని ఫోన్లు, బెదిరింపులు వచ్చేది దానికే.

ఫోటోలు బయటికి రాకముందే చేయగలిగింది ఒకటుంది. టేక్ ఇట్ డౌన్ అని అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం నడిపే ఉచిత సేవ. 18 నిండకముందు తీసిన ఫోటోలకు. పేరు చెప్పనక్కర్లేదు. ఫోటో అప్‌లోడ్ కాదు, ఆమె ఫోన్లోనే దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారై ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టా, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివి ఆ కోడ్‌కి సరిపోలే ఫోటోని గుర్తించి ఆపగలవు. పరిమితులు చెప్పాలి: ఫోటో కత్తిరించినా, మీద ఎమోజీ పెట్టినా కోడ్ మారిపోతుంది, కాబట్టి ఆమె దగ్గరున్న ప్రతి రూపానికీ విడివిడిగా చేయాలి. వాట్సాప్‌లో నేరుగా నాన్నకి పంపడాన్ని మాత్రం ఇది ఆపలేదు. ఎక్కడైనా కనబడితే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో మహిళలు, పిల్లల విభాగంలో ఫిర్యాదు చేయండి. పేరు లేకుండా చేసే వీలుంది కానీ అప్పుడు ట్రాక్ చేయలేరు, ట్రాక్ చేసే పద్ధతినే ఎంచుకోండి. బెదిరించి డబ్బు కూడా లాగి ఉంటే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930.

---

బోటనీ_లెక్చరర్ (ఖమ్మం జిల్లా)

ఈరోజు మధ్యాహ్నమే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తున్నాం, మింగితే నొప్పి ఉందంది. మూడు సందేహాలు. "చివరిసారి ఒక్కసారి కలుద్దాం, ఫోటోలు నీ ముందే డిలీట్ చేస్తా" అని ఆదివారం రమ్మన్నాడట. రెండోది, తండ్రికి చెప్పడం ఎలా? మూడోది, అతను నిజంగా చెయ్యి కోసుకుంటే?

---

కౌన్సెలర్_హనుమకొండ

ఆదివారం వెళ్లకూడదు. తోడుగా ఫ్రెండ్‌ని తీసుకెళ్లినా, గుడి దగ్గరైనా, హోటల్లోనైనా వెళ్లకూడదు. "చివరిసారి" అని పిలిచిన చోట ఏం జరిగిందో మన జిల్లా ఎడిషన్లలో చదువుతూనే ఉన్నాం. పైగా ఆమె ముందు డిలీట్ చేసినా గూగుల్ ఫోటోస్ ట్రాష్‌లో ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ ఉంటుంది. ఆ బేరంలో ఆమెకు వచ్చేది ఏమీ లేదు. ఇప్పుడు మాత్రం "రాను" అని కాకుండా "ప్రాక్టికల్స్ ఉన్నాయి, హాస్టల్లో వదలట్లేదు" అని చెప్పించండి. మీరు పోలీసులను కలిసేదాకా ఆ సాకు చాలు.

తండ్రి దగ్గరికి నేరుగా వెళ్లకండి. ఆ ఇంట్లో ఆయన ఎవరి మాట వింటాడో ఆ పిల్లకి తెలుసు, అడగండి. మేనమామ కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, నాయనమ్మ కావచ్చు. ముందు అమ్మ, ఆ మనిషి, ఇద్దర్నీ కాలేజీకి పిలిపించండి, ఫోన్లో చెప్పొద్దు. మొదటి వాక్యం "మీ అమ్మాయి ఒకబ్బాయితో" అని మొదలైతే ఆ తర్వాత ఏం చెప్పినా చెవికెక్కదు. "ఒక మనిషి మీ పిల్లను కొడుతున్నాడు, బెదిరిస్తున్నాడు, ఆమె ధైర్యంగా వచ్చి చెప్పింది" అని మొదలుపెట్టండి. ఫోటోలున్నాయన్నది కూడా దాచొద్దు, మీరే చెప్పేయండి. అతని చేతిలో ఉన్న ఆయుధమల్లా నాన్నకి తెలియకపోవడమే, అది ఆ రోజుతో అయిపోతుంది. అక్కడే మూడు విషయాలకు వాళ్ల చేత ఒప్పించండి: కొట్టరు, ఫోన్ తీసుకోరు, కాలేజీ మాన్పించరు. ఒప్పుకున్నారని అనిపించకపోతే ఆ రాత్రి పిల్లను ఇంటికి పంపకండి, 1098కి ఫోన్ చేసి బాలల సంక్షేమ సమితిని అడగండి.

చెయ్యి కోసుకుంటానన్న బెదిరింపును కొట్టిపారేయొద్దు, అలాగని ఆమె పరుగెత్తి వెళ్లకూడదు. అలాంటి మెసేజ్ రాగానే స్క్రీన్‌షాట్ తీసి మీకు పంపాలి. మీరు 112కి చెప్పాలి, అతని ఇంట్లోవాళ్లకు ఒక పెద్దమనిషి చేత చెప్పించాలి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 అతనికీ పనికొస్తుంది. నిజమైన బాధైతే సాయం అందుతుంది, బెదిరింపైతే పోలీసు తలుపు తట్టాక మళ్లీ అంత తేలిగ్గా వాడడు. రెండు సందర్భాల్లోనూ అతన్ని కాపాడే పని 17 ఏళ్ల పిల్లది కాదు. ఆమెకూ అదే నంబరు ఇవ్వండి, రాత్రి రెండింటికి ఏడుపొస్తే మీరు లేవకపోవచ్చు.

ఇంట్లో తెలిసి, పోలీసుల దగ్గర కాగితం పడి, కొత్త సిమ్ వచ్చాక ఒక్క మెసేజ్: "మన మధ్య ఇక ఏమీ లేదు. ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెట్టొద్దు, కలవడానికి రావద్దు." సారీ ఉండకూడదు, కారణం ఉండకూడదు. కారణం చెబితే దాన్ని సరిచేస్తానంటూ మళ్లీ మొదలెడతాడు. ఆ తర్వాత జవాబే లేదు. ముప్పై మిస్డ్ కాల్స్ తర్వాత ముప్పై ఒకటోది ఎత్తితే, ముప్పై ఒక్కసార్లు చేస్తే పనవుతుందని అతను నేర్చుకుంటాడు. మొదటి రెండు మూడు వారాలు ఫోన్లు పెరుగుతాయి, అది ముందే చెప్పి ఉంచండి. మధ్యలో ఆమే ఒకసారి ఫోన్ చేస్తుంది కూడా. చేస్తే తిట్టొద్దు. మీ దగ్గరికి వచ్చి చెప్పేలా ఆ తలుపు తెరిచే ఉంచండి.

---

అడ్వొకేట్_గుంటూరు

ఆ మెసేజ్ చట్టానికి కూడా అవసరం. ఆడపిల్ల ఇష్టం లేదని స్పష్టంగా చెప్పినా వెంటపడటం, పదేపదే సంప్రదించడం కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ సెక్షన్ 78 కింద నేరం, మొదటిసారికి 3 ఏళ్ల దాకా జైలు. "స్పష్టంగా చెప్పింది" అనడానికి ఆ మెసేజే రుజువు. ఆ తర్వాత అతను కొత్త నంబర్ల నుంచి, ఫ్రెండ్స్ ద్వారా పంపే ప్రతిదీ తేదీ వేసి రాసి పెట్టండి.

పెళ్లి మాట: 18 నిండకముందు చేస్తే 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం కింద చేసినవాళ్లు, చేయించినవాళ్లు ఇద్దరూ దోషులే. ముహూర్తం పెట్టుకున్నారని తెలిస్తే 1098, లేదా ఐసీడీఎస్ సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే అధికారి). తల్లిదండ్రులకు దీన్ని బెదిరింపులా కాకుండా చెప్పండి, కానీ చెప్పండి.

ఈఎన్‌టీ దగ్గర మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన గాయంగా) రాయించండి. పోలీసు కాగితం తెస్తేనే చూస్తామని అత్యవసర వైద్యం ఆపకూడదు, పోక్సో నిబంధనల్లో అది ఉంది. మెడ మీద, చేతి మీద మచ్చలుంటే పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, దూరం నుంచి ఒకటి, దగ్గర్నుంచి ఒకటి ఆమె ఫోన్లోనే తీయండి. కమిలిన చోటు రెండో మూడో రోజుకి ఇంకా స్పష్టంగా కనబడొచ్చు, అప్పుడు మళ్లీ తీయండి.

---

వార్డెన్_నల్గొండ

వార్నింగ్ గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. హాస్టల్ వైపు ఇంకో రెండు. ఇప్పుడే రూమ్ మార్చకండి, రూమ్మేట్‌కి ఒక సంకేతం నేర్పండి. "బోటనీ రికార్డ్ తెచ్చావా?" అని మెసేజ్ వస్తే ఆమె ఆపదలో ఉందని అర్థం, రూమ్మేట్ వెంటనే మీకూ 112కీ ఫోన్ చేయాలి. ఇక సాయంత్రం కాలేజీ వదిలే వేళ గేటు దగ్గర ఒక స్టాఫ్ మనిషి నిలబడాలి, హాస్టల్ దాకా గుంపుగా నడవాలి. పరీక్షల సెంటర్ వేరే కాలేజీలో పడుతుంది, టైమ్‌టేబుల్ అతనికి కూడా తెలుసు. ఆ సెంటర్ చీఫ్ సూపరింటెండెంట్‌కి, అక్కడి పోలీస్ స్టేషన్‌కి ముందుగానే ఒక కాగితం ఇచ్చి ఉంచండి.